తలుపులెక్కువైన పాపం

కార్ల గురించి నాకు తెలిసింది బహు తక్కువ. ఎర్ర కారు, తెల్ల కారు, మావారి కారు... అంతే. బి.ఏ.లో హిస్టరీ, తెలుగు వెలగబెట్టినదాన్ని. అలాంటిదాన్ని ఇవాళ ఓ కారు మీద, అదీ ఎక్కడో అమెరికాలో ఉన్న కారు మీద దెబ్బలాటకి దిగానంటే మీకు నవ్వొస్తుంది. నవ్వండి, ఫరవాలేదు. కాస్త చివరిదాకా విని మరీ నవ్వండి.

2023 ఆగస్టులో మా తమ్ముడింటికి వెళ్లాను. వాడుండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కన ట్రాయ్ అనే ఊళ్లో. అమెరికా కార్లకి డెట్రాయిట్ పుట్టిల్లు. వాడి ఉద్యోగమూ కార్లతోనే.

"అక్కా, శనివారం నీకో తిరణాల చూపిస్తా" అన్నాడు.

తిరణాలే! ఉడ్‌వర్డ్ అవెన్యూ అని పెద్ద రోడ్డు. ఏటా ఆగస్టు మూడో శనివారంనాడు పాతకాలపు కార్లన్నీ ముస్తాబై ఆ రోడ్డెక్కి అటూ ఇటూ ఊరేగుతాయి. 1995లో ఫెర్న్‌డేల్ అనే చిన్న ఊళ్లో పిల్లల ఆటస్థలానికి డబ్బు పోగు చెయ్యడానికి మొదలెట్టారట. ఇప్పుడు ఇసకవేస్తే రాలని జనం. మన ఊళ్లో రథం వస్తుందంటే అరుగులమీద కూచున్నట్టు, వాళ్లు తెల్లారకుండానే మడతకుర్చీలు తెచ్చుకుని రోడ్డు పొడుగునా కూచుంటారు.

ఈ కార్లలో 'హాట్ రాడ్' అని ఒక జాతి. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత ఫోర్డు కార్లు చవగ్గా కొని, మడ్‌గార్డులూ అవీ పీకేసి, పెద్ద ఇంజన్లు బిగించి, ఎండిపోయిన చెరువుల్లో పందేలు వేసుకునేవాళ్లు. యుద్ధానికి ముందునించే ఉన్న సరదా, తర్వాత పిచ్చయింది. 1948లో ఆ పేరుతోనే ఒక పత్రిక కూడా పుట్టింది. మొత్తంమీద మగపిల్లల ఆట. ఇప్పుడా మగపిల్లలకి డెబ్బై ఏళ్లు, అంతే తేడా.

ఓ పెట్రోలు బంకు పక్కన ఖాళీస్థలంలో పదిమంది మగవాళ్లు గుమిగూడి, గర్భగుడి ముందు నిలబడ్డట్టు నిలబడి ఉన్నారు. వాళ్ల మధ్య లేత నీలం, తెలుపు రంగుల్లో ఓ కారు. 1957 షెవర్లే నోమాడ్. రెండు తలుపుల స్టేషన్ వేగన్. నిజం చెప్పొద్దూ, అందంగానే ఉంది. కిటికీ స్తంభాలు ముందుకి వంగి, పైకప్పు వెనక భాగం చారలు చారలుగా, వెనక తలుపు మీద ఏడు వెండి గీతలు... మన పాతకాలపు పట్టుచీరకి సన్న జరీ అంచులా.

మా తమ్ముడు మొదలెట్టాడు. 1954లో న్యూయార్కులో జరిగిన ప్రదర్శనకి కార్వెట్ అనే పందెంకారు ముఖం పెట్టి ఒక నమూనా వేగన్ చేశారట. జనం ముచ్చటపడ్డారు. వెంటనే 1955లో మామూలు షెవర్లే మీద దింపారు. అదే ఏడు షెవర్లేకి కొత్త వి-8 ఇంజను కూడా వచ్చింది. దాన్ని విప్పడం తేలిక, బలం పెంచడం ఇంకా తేలిక. అందుకే హాట్ రాడ్ వాళ్లకి 55, 56, 57 షెవర్లేలంటే ప్రాణం.

"మరి బాగా అమ్ముడయిందా?" అన్నాను.

వాడు నసిగాడు. లేదుట! మూడేళ్లూ కలిపి 22, 23 వేలు. ఒక్క 1957లోనే ఆ కంపెనీ మొత్తం 15 లక్షల దాకా కార్లు చేసింది, దాని ముందు ఇదెంత? కార్వెట్ తప్పిస్తే షెవర్లేలన్నిట్లోకీ ఖరీదైంది ఇదే. వానొస్తే వెనక తలుపులోంచి నీళ్లు కారేవి. ఇంతా చేసి పిల్లాజెల్లా ఉన్నవాడికి నాలుగు తలుపుల వేగన్ ఇంతకన్నా తక్కువకి దొరికేది. 1958లో కంపెనీవాళ్లు నోమాడ్ అనే పేరు తీసి నాలుగు తలుపుల బండికి తగిలించారు. భక్తులు మాత్రం దాన్ని నోమాడ్‌గా లెక్కచెయ్యరు.

నేను ఆ కారు యజమానిని అడిగాను, "దీంట్లో సామాను వేస్తారా?" అని.

ఆయన నా వంక చూసిన చూపు ఏం చెప్పను! పూజగదిలో వెండి బిందె చూసి 'ఇందులో బట్టలు నానేస్తారా' అని అడిగితే మా అత్తగారు అచ్చం అలాగే చూసేవారు. వెనకాల తెల్లటి తివాచీ పరిచి ఉంది. దానిమీద చెయ్యి కూడా వెయ్యనిచ్చేట్టు లేడు. నాలుగు బళ్ల అవతల నాలుగు తలుపుల వేగన్ ఒకటి ఉంది, అదే వయసుది, అదే పోలిక. దాని దగ్గర పురుగు లేదు. ఏమని అడిగితే, "ఓ, అదా! మోర్ డోర్" అని నవ్వేశాడు. 'ఫోర్ డోర్'ని వాళ్లలా వెటకారంగా తిప్పారు. తలుపులెక్కువైనవి! అలాంటివి చాలామటుకు రెండు తలుపుల కారుకి అద్దాలో దీపాలో కావలసినప్పుడు ఊడబెరుక్కోవడానికి పనికొస్తాయట. ఒక కారు కోసం ఇంకో కారుని బలిస్తారన్నమాట.

అక్కడే నాకు ఒళ్లు మండింది.

అసలు స్టేషన్ వేగన్ అంటే ఏమిటండీ? రైలు స్టేషన్ నించి మనుషుల్నీ పెట్టెల్నీ మోసుకొచ్చే బండి. పేరులోనే చాకిరీ ఉంది. మొదట్లో కర్రతో చేసేవాళ్లు. ఏటా వార్నిషు వెయ్యకపోతే పుచ్చిపోయేది. 1949లో ప్లిమత్ కంపెనీ సబర్బన్ అని పూర్తిగా ఇనుముతో చేసిన రెండు తలుపుల వేగన్ తెచ్చింది. చవక, గట్టిది. యుద్ధం తర్వాత ఊరిబయట కొత్త ఇళ్లలో కాపురాలు పెట్టిన అమెరికన్ ఇల్లాళ్లకి అది కుడిభుజం అయింది. మగాడు ఆఫీసుకి పోతే, పిల్లల్ని బడిలో దింపడం, కిరాణా, చాకలి బట్టలు, కుక్కకి మందు... అన్నీ దాంట్లోనే. హాట్ రాడ్ భాషలో 'గ్రోసరీ గెట్టర్' అంటే వెచ్చాలు తెచ్చే బండి, ఎగతాళి మాట. ఇప్పుడా ఎగతాళి మాటనే ముద్దుగా పెట్టుకుంటారు, వెచ్చాలు మాత్రం తేరు!

రెండు తలుపులకీ ఓ న్యాయం ఉండేది, ఒప్పుకుంటాను. తలుపులు తగ్గితే ఖర్చు తగ్గుతుంది. పైగా వెనక తలుపే లేకపోతే పిల్లలు కదిలే కారులోంచి తీసుకుని కింద పడరు. కార్లలో సీటు బెల్టులుండాలని అమెరికా చట్టం 1968లో గానీ అమల్లోకి రాలేదు. ఆ రోజుల్లో తల్లులకి అదో ధైర్యం. కానీ ఆ ధైర్యానికి వెల కట్టిందీ తల్లే. చంకలో పిల్ల, చేతిలో కాగితం సంచీ, ముందు సీటు మడిచి, నడుం వంచి, పెద్దవాణ్ణి లోపలికి తోసి, చంటిదాన్ని కూచోబెట్టి...

నాకు తెలుసు, చూశాను గనక చెబుతున్నాను. మా పెదనాన్నగారికి ఓ స్టాండర్డ్ హెరాల్డ్ ఉండేది, మద్రాసులో తయారైన రెండు తలుపుల కారు. నా చిన్నప్పటికే అది ముసలిది. దాని బానెట్ మొత్తం ముందుకి తెరుచుకునేది, మొసలి నోరు తెరిచినట్టు. మాకదో వేడుక. పెళ్లికి వెళ్లాలంటే మా అమ్మ గంజిపెట్టిన వెంకటగిరి చీరతో వెనక సీట్లోకి దూరాలి. మడిచిన సీటు మీంచి ఓ కాలు లోపల, ఓ కాలు బయట, కుచ్చిళ్లు ఓ చేత్తో, మా చెల్లెలు ఇంకో చేత్తో. మా నాన్నా పెదనాన్నా ముందు తలుపులు పట్టుకుని "త్వరగా, త్వరగా" అనేవాళ్లు. పెళ్లిపందిట్లో దిగేసరికి ఆ చీర నలిగిపోయేది. ఆ కారుని మా పెదనాన్న ఇప్పటికీ "స్పోర్ట్స్ లుక్ అమ్మాయ్" అని తలుచుకుంటారు. మా అమ్మనడిగితే, "ఏ కారు?" అంటుంది.

మా తమ్ముడు ఊరుకోలేదు. "వాళ్ల కష్టం కూడా చూడు అక్కా. పశువులకొట్టాల్లో తుప్పుపట్టిన రేకుని తెచ్చి, ఏళ్ల తరబడి వెల్డింగులూ టింకరింగులూ చేసుకుని, దొరకని పార్టు చేత్తో చేసుకుని నిలబెడతారు. వాళ్లే లేకపోతే ఇవన్నీ పాత ఇనప సామాన్లకి పోయేవి" అన్నాడు. నిజమే. ఆ చేతులకి దణ్ణం పెడతాను. తలుపు పొడుగైతే కారు గీత సాగి అందంగా కనిపిస్తుందన్నాడు, అదీ ఒప్పుకున్నాను. నేను పోట్లాడేది అందంతో కాదు. ఒకటే రేకు, ఒకటే ఇంజను, ఒకటే ఏడు. వెనక కూచునేవాళ్లకి తలుపు పెడితే అది వెక్కిరింపుకి, తీసేస్తే పూజకి! అంటే వెనక కూచునేవాళ్లే కదా వీళ్లకి కంటగింపు? పిల్లలూ, ముసలివాళ్లూ, చీర కట్టుకున్న మా అమ్మా!

ఆ నమూనా వేగన్ చేయించిన జనరల్ మోటార్స్ డిజైను పెద్ద హార్లీ ఎర్ల్ ఆ దశాబ్దంలోనే కొందరు ఆడవాళ్లని డిజైనర్లుగా తీసుకున్నాడు. 1958లో వాళ్లు తీర్చిదిద్దిన కార్లతో ప్రత్యేకంగా ఓ ప్రదర్శన పెట్టారు. అందులో పెగ్గీ సాయర్ అనే ఆవిడ పిల్లలున్న ఇంటికోసం ఓ ఓల్డ్స్‌మొబైల్ వేగన్‌ని సిద్ధం చేసింది. వెనక సీట్లో పిల్లల గొడవ ఎలా ఉంటుందో ఆలోచించిన బండి. ఆ ఏడాదే ఎర్ల్ రిటైరయ్యాడు. తర్వాత వచ్చినాయనకి ఈ ఆడవాళ్ల గొడవ పట్టలేదు. చాలామంది కొద్ది ఏళ్లలో వెళ్లిపోయారు. ఉడ్‌వర్డ్ అవెన్యూ మీద ఆ మగవాళ్ల గుంపులో నేనడిగిన ముగ్గురూ పెగ్గీ సాయర్ పేరు వినలేదు. నోమాడ్ వెనక తలుపు మీద గీతలెన్నో మాత్రం ముగ్గురూ టక్కున చెప్పారు.

ఎండ ముదిరింది. కారు వెనకాల గొడుగు నీడన ఓ పెద్దావిడ మడతకుర్చీలో కూచుని ఊలు అల్లుకుంటోంది. యజమాని భార్యట. పక్కన ఖాళీ కుర్చీ చూపించి కూచోమంది. నిమ్మరసం ఇచ్చింది. మాటల్లో చెప్పింది, వాళ్లమ్మకి ఫోర్డు కంట్రీ సెడాన్ ఉండేదట, నాలుగు తలుపులది. ఐదుగురు పిల్లలూ, కుక్కా అందులోనే పెరిగారట. ఒక తమ్ముడు పుట్టడమే దాదాపు అందులో పుట్టబోయాడట.

"ఇప్పుడా కారు?" అన్నాను.

"తుక్కుకిచ్చేశారు. ఎవరడుగుతారు దాన్ని?" అంది, సూదులు ఆపకుండానే.

"మరి మీరు ఇందులోనే వచ్చారా?" అని నోమాడ్ వైపు చూపించాను.

ఆవిడ పకపకా నవ్వింది. "ఇందులోనా! కుర్చీలు, గొడుగు, ఐసుపెట్టె, శాండ్‌విచ్‌లు... తివాచీ పాడైపోదూ? నేను వెనకాల నా బండిలో ఇవన్నీ వేసుకుని వస్తాను. ఇరవై రెండేళ్లుగా ఇంతే."

సామాను మోయడానికి పుట్టిన బండి, దాని సామాను మోయడానికి వెనకాల ఇంకో బండి!

సాయంత్రం ఆయన నోమాడ్ స్టార్టు చేశాడు. మగవాళ్లందరూ ఆ చప్పుడికి కళ్లు మూసుకుని నిలబడ్డారు. ఆవిడ గొడుగు మడుస్తోంది. ఐసుపెట్టె బరువుగా ఉంది, ఆవిడకి డెబ్బై దాటి ఉంటాయి. నేను ఓ పక్క పట్టుకున్నాను. మా తమ్ముడు వచ్చి ఇంకో పక్క పట్టుకున్నాడు. ఆవిడ తన బూడిదరంగు కారు వెనక తలుపు తీసింది. లోపల పిల్లల సీటు ఒకటి, మట్టి బూట్లు, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్.

"ఎన్ని తలుపులండీ దీనికి?" అన్నాను.

"వెనకదానితో కలిపి ఐదు" అంది.