సర్వర్ల అమరికను జ్ఞాపకానికి వదలొద్దు

2012 ఆగస్టు 1న అమెరికాలోని నైట్‌ క్యాపిటల్‌ అనే షేర్ల ట్రేడింగ్‌ సంస్థ దాదాపు 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. హ్యాకర్లెవరూ చొరబడలేదు. ఒకే పని చేసే 8 సర్వర్లలో కొత్త ప్రోగ్రాం ఎక్కించాల్సి ఉండగా 7 సర్వర్లలోనే ఎక్కించారు. మిగిలిన దానిలో ఏళ్ల తరబడి వాడకుండా వదిలేసిన పాత ప్రోగ్రాం మేల్కొని, ఆగకుండా ఆర్డర్లు పంపింది. ఎక్కించిన పనిని రెండో వ్యక్తి సరిచూడాలన్న లిఖిత నియమమే అక్కడ లేదని నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ తేల్చింది. ఉద్యోగిని నిందించడం తేలిక. కానీ అవే కమాండ్లను యంత్రం తర్వాత యంత్రంలో కొట్టే పనిని మనిషి చేతిలో పెట్టడమే అసలు తప్పు. అత్యవసరంలో ఒకచోట మార్చిన సెట్టింగు మరోచోట మారదు; కొన్ని నెలలకు ఏ సర్వర్‌లో ఏముందో ఎవరికీ తెలియదు.

దీనికి మందు కొత్తదేమీ కాదు. ఓస్లో విశ్వవిద్యాలయంలో మార్క్‌ బర్జెస్‌ 1993లోనే సీఎఫ్‌ఇంజిన్‌ అనే సాధనాన్ని రూపొందించారు. తర్వాత పప్పెట్‌, ఆన్సిబుల్‌ వచ్చాయి. సర్వర్‌ ఎలా ఉండాలో, అంటే ఏ సాఫ్ట్‌వేర్‌, ఏ వెర్షన్‌, ఎవరికి ప్రవేశం అన్నది ఫైల్లో రాస్తే, ఈ సాధనాలు ప్రతి యంత్రాన్నీ దానితో పోల్చి తేడా ఉన్నచోటే సరిచేస్తాయి. యంత్రాలు 8 అయినా 800 అయినా ఫైలు అదే.

అయితే ఫైల్లోనే తప్పుంటే అది క్షణాల్లో అన్నిటికీ పాకదా? ఈ భయం న్యాయమైనదే. 2024 జులై 19న సైబర్‌ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్‌ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్‌ సుమారు 85 లక్షల విండోస్‌ కంప్యూటర్లను కూల్చింది. హైదరాబాద్‌ విమానాశ్రయంలో బోర్డింగ్‌ పాసులు చేత్తో రాసివ్వాల్సి వచ్చింది. కానీ క్రౌడ్‌స్ట్రైక్‌లో కొరవడింది విడతలవారీ పంపిణీ. ముందు కొద్ది యంత్రాలకే పంపి, బాగుంటేనే మిగతావాటికి పంపే పద్ధతికి ఆ సంస్థ తర్వాత మారింది. 2017 ఫిబ్రవరిలో అమెజాన్‌లో ఒక కమాండ్‌ తప్పుగా కొట్టడంతో అవసరానికి మించి సర్వర్లు తొలగిపోయాయి. అమెజాన్‌ ఆ కమాండ్‌ నడిపిన సాధనాన్ని మూలన పడేయలేదు, దానికి కళ్లెం వేసింది. ఇక ఇలాంటి సాధనాలతో ఉద్యోగాలు పోతాయన్న వాదన నాకు అంత బలంగా కనిపించదు. ఆ ఫైళ్లు రాసేదీ, సరిచూసేదీ, ఆపాల్సినప్పుడు ఆపేదీ మనుషులే.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో భూరికార్డులు, ధ్రువపత్రాలు, రేషన్‌ అన్నీ సర్వర్ల మీదే నడుస్తున్నాయి. గుత్తేదారు మారితే పరిజ్ఞానం అతని ఇంజనీర్లతోనే వెళ్లిపోకూడదు. అమరిక ఫైళ్లన్నీ ప్రభుత్వానికి అప్పగించాలని టెండర్లో షరతు ఉండాలి. ఏటా ఒకసారైనా, ఆ ఫైళ్లతోనే ఖాళీ సర్వర్‌ను మొదటి నుంచి నిలబెట్టి అధికారుల ముందు నడిపి చూపాకే బిల్లు చెల్లించాలి.