రొయ్యల గుంట దగ్గర లెక్కల డిగ్రీ

నెల్లూరులో బీఎస్సీ మ్యాథ్స్ పూర్తి చేసిన కుర్రాణ్ణి తర్వాత ఏం చేస్తావని అడిగితే బీఈడీ, డీఎస్సీ, లేదంటే బ్యాంకు పరీక్షలు అంటాడు. సహజమే. పాఠం చెప్పడం ఈ ఊరికి పెద్ద పరిశ్రమ. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసిన పొంగూరు నారాయణ 1979లో ఇక్కడ ప్రారంభించిన చిన్న లెక్కల ట్యూషనే తర్వాత రాష్ట్రాలు దాటిన విద్యాసంస్థగా ఎదిగింది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడ్డాయి. కానీ అంతకుముందు నియామకాల దాకా వెళ్లిన డీఎస్సీ 2018 నాటిది. ఏడేళ్లు ఎదురుచూసే స్తోమత ఎన్ని ఇళ్లకు ఉంటుంది?

లెక్కలు కావలసిన పని మాత్రం కళ్లెదుటే ఉంది. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు వెళ్తే రొయ్యల గుంటలే. రైతు వల విసిరి, పడిన రొయ్యల్ని తూకం వేస్తాడు. కిలోకు వంద తూగితే వంద కౌంట్, అంటే ఒక్కోటి పది గ్రాములు. లక్ష పిల్ల వదిలిన గుంటలో ఎనభై శాతం బతికితే 800 కిలోల సరుకున్నట్టు. అరవై శాతమే బతికితే 600 కిలోలు. రోజూ వేసే మేత ఈ అంకెను బట్టే. అంచనా ఎక్కువైతే మిగిలిన మేత అడుగున కుళ్లి నీటిని పాడుచేస్తుంది, తక్కువైతే రొయ్య ఎదగదు. మరి ఒక మూల విసిరిన వల గుంట మొత్తానికి లెక్క చెప్పగలదా? శాంప్లింగ్ పాఠం సారమంతా ఈ ప్రశ్నలోనే ఉంది. తరగతిలో అది సంచిలోని ఎర్రబంతులు, తెల్లబంతుల దగ్గరే ఆగిపోవడం బాధాకరం.

1994-95లో తెల్లమచ్చల వైరస్ ఈ తీరంలో గుంటలకు గుంటల్నే తుడిచిపెట్టింది. అలాంటి నష్టం ఎన్ని పంటలకోసారి వస్తుంది, ఎంత ప్రీమియం కడితే బీమా నిలబడుతుంది అని తేల్చేవాళ్లు యాక్చువరీలు. డిగ్రీ చదువుతూనే యాక్చువరీల సంస్థ ప్రవేశ పరీక్ష ఏసెట్ రాసి ఈ దారిలో అడుగుపెట్టవచ్చు. ఆపై పరీక్షలు ఏళ్ల తరబడి సాగుతాయి, ఓపిక కావాలి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉన్నా మన డిగ్రీ కాలేజీల్లో ఈ వృత్తి మాట వినపడదు.

సముద్రానిదీ లెక్కే. 2004 సునామీ తర్వాత, 2007లో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల సంస్థ ఇన్‌కాయిస్‌లో హెచ్చరికల కేంద్రం వచ్చింది. చేపలు దొరికే చోట్ల సమాచారమూ అక్కణ్ణుంచే వస్తుంది. అలల నమూనాలకు అవకలన సమీకరణాలే ఆధారం. శ్రీహరికోట ఇంకా దగ్గర. తూర్పుకు ఎగిరే రాకెట్‌కు అక్కడ భూభ్రమణం వల్ల సెకనుకు సుమారు 450 మీటర్ల వేగం అదనంగా కలిసొస్తుంది. దక్షిణంగా వెళ్లే పీఎస్‌ఎల్‌వీ శ్రీలంకను తప్పించుకోవడానికి దారి మళ్లాలి, అందుకు ఇంధనం ఖర్చవుతుంది. ఇదంతా గణితమే అయినా ఇస్రో సైంటిస్ట్ పోస్టుల్లో ఎక్కువ భాగం బీటెక్ వాళ్లకే. ఈ సంగతి విద్యార్థికి ముందే చెప్పాలి.

గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు కథ ఇక్కడ పనికొస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎంఏ చేసి, సైనిక సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. అది దొరకలేదు. అక్కడే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్‌ఐ) గురించి తెలుసుకుని 1941లో చేరారు. 1945 నాటి పరిశోధనతో ప్రపంచానికి తెలిశారు. ఆ సంస్థ గురించి ఆయనకు అనుకోకుండా తెలిసింది. ఇప్పటి పిల్లలకైనా ఐఎస్‌ఐ, చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రవేశ పరీక్షలు, ఐఐటీల జామ్ గురించి రెండో ఏడాదిలోనే చెప్పాలి. చివరి ఏడాదిలో తెలిస్తే సన్నద్ధతకు సమయం చాలదు.

2023-24లో రాష్ట్రంలో సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) డిగ్రీ వచ్చింది. గణితం పక్కన మైనర్‌గా స్టాటిస్టిక్స్‌నో, కంప్యూటర్ సైన్స్‌నో ఎంచుకోవడం ఇప్పుడు చాలా ముఖ్యం. ఇంటర్న్‌షిప్‌లూ తప్పనిసరి. అవి సర్టిఫికెట్ కోసం మొక్కుబడిగా సాగకూడదు. కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో మెరైన్ బయాలజీ విభాగం ఉంది. ఆ విద్యార్థులతో కలిపి లెక్కల విద్యార్థుల్ని ఒక పంటకాలం గుంటల మీదికి పంపితే, వల ఎన్నిచోట్ల విసరాలో, బతికిన శాతాన్ని ఎలా అంచనా వేయాలో రైతు పక్కనే నిలబడి లెక్కగట్టగలరు. పట్టుబడి రోజున కాటా మీద వాళ్ల అంచనాను సరిచూసుకోవచ్చు.