ఏరును బతికించినవారికే హక్కు

రాజస్థాన్‌లోని అల్వర్ జిల్లాలో అర్వరీ అనే చిన్న నది ఉంది. 1996లో ఆ నదిలో చేపలు పట్టుకునే హక్కును రాష్ట్ర ప్రభుత్వం బయటి కాంట్రాక్టరుకు కట్టబెట్టింది. అంతకు పదేళ్ల క్రితం ఆ నదిలో చేపల మాట అటుంచి, వానలు వెనకబట్టాక నీళ్లే నిలిచేవి కావు. నీళ్లు తెచ్చింది పరీవాహక గ్రామాల జనం. వాళ్లు తట్టలు మోస్తున్నప్పుడు ఆ నది తనదని చెప్పుకోని ప్రభుత్వానికి, చేపలు కనబడగానే హక్కు గుర్తొచ్చింది. ఊళ్లన్నీ ఎదురు తిరిగాయి. చివరకు కాంట్రాక్టు రద్దయింది.

ఆ ఊళ్లు నాడు లేవనెత్తిన ప్రశ్నకు మన రెండు తెలుగు రాష్ట్రాలు నేటికీ జవాబు చెప్పలేదు. ఏటా వేసవిలో పూడిక తీయడానికి, కట్టలు గట్టి చేయడానికి ఊరి జనం కావాలి. వాగులో ఇసుక ఎంత తీయాలి, చెక్‌డ్యామ్ ఎక్కడ కట్టాలి, దాని పక్కన ఎన్ని బోర్లు వేయనివ్వాలి అని తేల్చేటప్పుడు మాత్రం ఆ జనం అక్కర్లేదు. ఈ పద్ధతి పోవాలి. ఏరును కాపాడే పని చేస్తున్న ఊళ్ల సమూహానికి ఆ ఏరుపై చట్టబద్ధమైన అధికారం ఉండాలి.

అర్వరీలో జరిగిన పనిని దగ్గరగా చూడాలి. 1985లో రాజేంద్ర సింగ్, తరుణ్ భారత్ సంఘ్ అనే స్వచ్ఛంద సంస్థకు చెందిన మరికొందరు యువకులు ఆ ప్రాంతానికి వెళ్లారు. బడి పెట్టాలనో, వైద్యం అందించాలనో వాళ్ల ఆలోచన. ముందు నీళ్ల సంగతి చూడమన్నారు ఊరి పెద్దలు. గోపాల్‌పురాలో పూడిపోయిన పాత జోహడ్‌ను తవ్వడంతో పని మొదలైంది. జోహడ్ అంటే వాలుకు అడ్డంగా నెలవంక ఆకారంలో వేసే మట్టికట్ట. మన కుంట లాంటిదే. గోధుమ, ఆవాల కోతలు అయిపోయాక తొలి వాన పడేదాకా పొలంలో పని ఉండదు. ఆ రెండు మూడు నెలలే కట్ట పనికి అదను. తవ్విన మట్టిని కట్టకు వేసి తొక్కించడం, మేట వేసిన ఒండ్రును చేలకు తోలుకోవడం, వాన దిగేలోగా కట్ట నెర్రెలు, ఎలుక బొరియలు మూయడం. ఖర్చులో ఒక వాటా ఊరిదే. అది ఎక్కువగా ఒంటి కష్టం రూపంలోనే ఉండేది. ఆడవాళ్లు మోసిన మట్టి లేకుండా అక్కడ ఏ కట్టా లేవలేదు.

ఇందులో మన ఇంజినీర్లు, మంత్రులు గమనించాల్సిన విషయం ఒకటుంది. పని ప్రధానంగా సాగింది నది పాయలో కాదు, కొండవాలుల్లో. పైనుంచి ఉరికే నీళ్లకు ఊరూరా అడ్డుకట్ట పడింది. ఆ నీళ్లు భూమిలోకి ఇంకాయి, బావులు ఊరాయి. పైన వందల కట్టలు లేచాక కింద నది ఊటతో కదిలింది. 1990ల మధ్యకు వచ్చేసరికి అర్వరీ ఏడాది పొడవునా పారింది. ఆ ప్రాంతంలో కురిసేది ఏడాదికి 600 మిల్లీమీటర్లు అటూ ఇటూగా. అనంతపురం వాన అంతకంటే కాస్తే తక్కువ. నదీతీర సుందరీకరణ పేరుతో నది ఒడ్డున సిమెంటు గోడలు లేపడమే పునరుద్ధరణ అనుకునేవారు కొండవాలుల్లో సాగిన ఈ పనితో ఉన్న తేడాను గ్రహించాలి.

కట్టలు వేసినంత మాత్రాన సరిపోలేదు. సరిస్కా అడవి చుట్టూ పాలరాతి గనులు నీళ్లను గుంతల్లోకి లాగేస్తుంటే 1991లో తరుణ్ భారత్ సంఘ్ సుప్రీంకోర్టుకు వెళ్లి రక్షిత ప్రాంతంలో తవ్వకాలు ఆపించింది. 1999లో 70కి పైగా ఊళ్లు కలిసి ‘అర్వరీ సంసద్’ను ఏర్పాటు చేసుకున్నాయి. చెరకు వంటి నీళ్లు తాగే పంటలు వద్దని, అడవిలో పచ్చని చెట్టు నరకరాదని ఆ సభ నియమాలు పెట్టింది. దానికి చట్టబలం లేదు. పరస్పర నమ్మకమే దాని బలం. నమ్మకం సడలిన నాడు, బోరు వేసే ధనిక రైతును ఆపే శక్తి దానికి ఉండదు. చట్టం తోడు కావాలని మేం గట్టిగా అనడానికి కారణం ఇదే.

జనానికి అధికారం ఇస్తే ప్రమాదమని వాదించేవారికి అల్వర్‌లోనే ఒక ఉదాహరణ దొరుకుతుంది. ఊరి జనం కట్టిన లావా కా బాస్ కట్టకు భద్రత లేదని, దిగువ జిల్లాకు నీళ్లు తగ్గుతాయని 2001లో నీటిపారుదల శాఖ అభ్యంతరం చెప్పింది. 2003 వానలకు ఆ కట్ట దెబ్బతింది కూడా. సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు అర్వరీ పరీవాహకాన్ని అధ్యయనం చేసి, ఈ కట్టల వల్ల భూగర్భ జలం పెరుగుతుందని, కరవులో బావులు నిలదొక్కుకుంటాయని, అయితే వాటి సంఖ్య పెరిగేకొద్దీ ఉపరితల ప్రవాహం తగ్గుతుందని తేల్చారు. భద్రత, దిగువ నీళ్లు అనే ఈ రెండు అభ్యంతరాలూ నిజమైనవే. వీటికి మందు అధికారం లాక్కోవడం కాదు. కట్ట గట్టితనం చూసే ఇంజినీరు ఊరి సభకు తోడుగా ఉండాలి. ఎగువ ఊరు, దిగువ ఊరు ఒకే సభలో కూర్చోవాలి. ఒక్కో పంచాయతీ తన హద్దు వరకే ఆలోచిస్తే దిగువవాడికి అన్యాయం జరిగి తీరుతుంది.

పని చేసే ఊరికి అధికారం లేకపోవడమనే అన్యాయం మన చరిత్రలోనూ ఉంది. కుడిమరామత్తు పేరుతో ఊళ్లు తమ చెరువులను, కాలువలను తామే బాగుచేసుకునేవి. కంపెనీ, ఆ తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం చెరువులపై పెత్తనాన్ని తమ శాఖలకు తీసుకున్నాయి. చాకిరీని మాత్రం ఊరి మీదే ఉంచాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఏకంగా నిర్బంధ శ్రమ చట్టమే తెచ్చి జనం మెడకు చుట్టాయి. అధికారం దొరది, తట్ట రైతుది. స్వాతంత్ర్యం వచ్చాక నిర్బంధం పోయింది గానీ, అధికారం ఊరికి తిరిగి రాలేదు.

1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నీటి సంఘాల చట్టం తెచ్చి దేశానికి దారి చూపిన మాట వాస్తవం. అయితే ఆ చట్టం ఓటు ఇచ్చింది ఆయకట్టు రైతుకే. వాగు ఒడ్డున చాకిరేవు నడుపుకునేవారు, వలలు వేసుకునే బెస్తలు, చెలమ తీసి బిందె నింపుకునే ఆడవాళ్లు, మేకల కాపరులు దాని కింద ఓటు లేనివారే. వేసవి ఉపాధి పనుల్లో పార పట్టేవాళ్లలో సెంటు భూమి లేనివాళ్లు ఎందరో. పైన కందకాలు తవ్వి నీళ్లు ఇంకించేది వాళ్లు, కింద ఆ నీళ్ల మీద మాట్లాడే హక్కు మాత్రం భూమి ఉన్నవాడిది. ఇక ఇసుక సంగతి సరేసరి. వేసవంతా ఊరు నీళ్లు ఇంకించే పనిలో ఉంటే, రాత్రిళ్లు ట్రాక్టర్లు వాగు కడుపు ఖాళీ చేస్తాయి. ఇసుక లేని వాగులో ఊట నిలవదు. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ఇసుక తవ్వకాలను నియంత్రించమని చెబుతూనే ఉంది, అమలు మాత్రం ఊరి చేతిలో లేదు.

ఏజెన్సీలో పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ) చట్టం ప్రకారం చిన్న తరహా ఖనిజాల లీజుకు ముందు గ్రామసభ లేదా పంచాయతీ సిఫారసు తప్పనిసరి. మైదానంలోని వాగులకు అదే నియమం వర్తింపజేయడానికి అడ్డేమిటి? ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు నీటి సంఘాల చట్టాన్ని సవరించాలి. వాగు పుట్టిన చోటి నుంచి నదిలో కలిసే చోటి వరకు ఉన్న ఊళ్లన్నిటికీ కలిపి ఒకే సభ ఉండాలి. అందులో భూమి లేనివారికీ, మహిళలకూ ఓటు ఉండాలి. ఇసుకకు, కొత్త బోరుకు, చెక్‌డ్యామ్‌కు ఆ సభ సమ్మతి తప్పనిసరి కావాలి. వాగు పైభాగంలో ఏటా జరిగే ఉపాధి పనుల ప్రణాళిక ఆ సభే తయారు చేయాలి. చేపల మీద, ఇసుక మీద వచ్చే రాబడిలో సభకు వాటా ఉండాలి. రబీ కోతలు ముగిసి పార, తట్ట బయటికి తీసేలోగా ఈ సవరణ శాసనసభల ముందుకు రావాలి.