గడిలో పట్టని జవాబు

సాయంత్రం వాట్సాప్ గ్రూపులో ఒక లింకు వచ్చి పడుతుంది. ఐదింటిలోగా నింపాలని పైన హుకుం. బడి పేరు, యూడైస్ కోడు, ఉపాధ్యాయుడి ఐడీ, సెల్ నంబరు అన్నీ రాశాక అసలు ప్రశ్న వస్తుంది: మీ పాఠశాలలో ఎఫ్ఎల్ఎన్ (చదువు, లెక్కల పునాది కార్యక్రమం) అమలవుతోందా? కింద రెండు గడులు, అవును, కాదు. తెలంగాణలోని దమ్మపేట మండలంలో పామాయిల్ తోటలు దాటి అడవి అంచున ఉండే కోయ గిరిజనుల గుంపులో (చిన్న పల్లెలో) ఒక్కడే బడి నడిపే సారు, సిగ్నలు అందే చోటికి బండి తోలుకొచ్చి మరీ 'అవును' నొక్కుతాడు. ఇంకేం నొక్కుతాడు? 'కాదు' అంటే మర్నాడు ఫోనొస్తుంది, ఆపైన సంజాయిషీ రాసివ్వాలి.

దీన్ని మనం సర్వే అంటున్నాం. నా లెక్కలో ఇది హాజరుపట్టీ.

జాతీయ విధానాల గురించి టీచర్లను అడగలేదని ఎవరూ అనలేరు. 1964లో ఏర్పడిన కొఠారీ కమిషన్ తొమ్మిది వేల మందికి పైగా మనుషులను కూర్చోబెట్టి మాట్లాడింది. 2020 జులై 29న జాతీయ విద్యా విధానం వచ్చిన కొద్ది వారాలకే, అమలు ఎలా ఉండాలో చెప్పండంటూ కేంద్రం మైగవ్ వేదిక మీద టీచర్లను కోరింది. వారంలోనే 15 లక్షలకు పైగా సూచనలు వచ్చాయని సెప్టెంబరులో ప్రధాని చెప్పారు. సంఖ్య ఘనమైనదే. కానీ నెట్టూ తీరికా ఉన్నవాళ్లు తమంతట తామే రాసి పంపినవి అవి. ఐదు తరగతులనూ ఒకే గదిలో కూర్చోబెట్టుకున్నవాడికి ఆ రెండింటిలో ఏదీ దండిగా ఉండదు.

2024 డిసెంబరు 4న జరిగిన పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ ఇంతకంటే పద్ధతిగా సాగింది. 74,229 బడుల్లో 21 లక్షల మంది పిల్లలకు పరీక్ష పెట్టారు. 2.70 లక్షల మంది టీచర్లు, ప్రధానోపాధ్యాయుల చేత ప్రశ్నావళులు నింపించారు. ఫలితాలొచ్చాక మనం కొట్టుకున్నదంతా రాష్ట్రాల ర్యాంకుల మీదే. టీచర్లు ఏం చెప్పారో ఒక్క పూటైనా చర్చకు రాలేదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేయాలి. 2024-25 యూడైస్ (కేంద్రం ఏటా సేకరించే బడుల లెక్కలు) ప్రకారం దేశంలో ఏకోపాధ్యాయ బడులు 1,04,125. వాటిలో చదివేవారు 33 లక్షల పైచిలుకు. మొత్తం బడులు పద్నాలుగున్నర లక్షలు దాటాయి, టీచర్ల సంఖ్య మొదటిసారి కోటికి చేరింది. అంటే వంద బడులను ఎంచుకుంటే ఏడు ఒంటి సారు బడులు తగులుతాయి. అదే వంద మంది టీచర్లను ఎంచుకుంటే అలాంటి సారు ఒక్కడే. ఇరవై మంది స్టాఫున్న హైస్కూలుకు ఇరవై గొంతులు, గుంపులోని బడికి ఒకే గొంతు. సగటు తీసేసరికి ఆ గొంతు వినబడదు. విధానం పట్టు తప్పేది మాత్రం ముందుగా అక్కడే. ఎఫ్ఎల్ఎన్ కోసం 2021లో కేంద్రం తెచ్చిన నిపుణ్ భారత్, ఆ మరుసటేడు మన రాష్ట్రం మొదలుపెట్టిన తొలిమెట్టు, రెండూ కోరేది పిల్లవాడి స్థాయిని బట్టి పాఠం చెప్పమనే. మంచి మాటే. ఒక్కడు ఐదు తరగతులకు చెప్పేచోట ఆ స్థాయిలన్నీ కలిసి ఎన్ని పాఠాలవుతాయో అడిగే గడి ఫారంలో లేదు.

అన్నిటికంటే బరువైన ప్రశ్న భాషది. కోయ పిల్లవాడికి 'ఏరు' అంటే నీళ్లు. తెలుగు వాచకంలో అదే మాటకు ఊరి పక్కన పారే వాగు అని అర్థం. ఈ తేడా కోయ తెలిసిన సారుకు నవ్వు తెప్పిస్తుంది. తెలియని సారుకు మాత్రం పిల్లవాడు మందమతిలా కనిపిస్తాడు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలోనే, వాచకాలు తెచ్చారు. గిరిజన ప్రాంతమైన ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే దక్కాలని 2000 జనవరిలో జీవో 3 వచ్చింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంటూ 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మూడు నెలలు దాటాక వచ్చిన జాతీయ విధానం ఏమందంటే, వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలో చెప్పాలట, వెనుకబడిన ప్రాంతాల్లో స్థానిక భాష తెలిసిన టీచర్లను పెట్టాలట. తీర్పులోని న్యాయం సంగతి న్యాయవాదులు తేల్చుకుంటారు. ఆ సలహాను నెరవేర్చే దారి ఒకటి అప్పటికే మూసుకుపోయిందన్న సంగతి ఏ సర్వేలోనూ ప్రశ్న కాలేదు. 2022-23 నుంచి రాష్ట్రం ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లిష్ మీడియం ప్రవేశపెట్టింది. ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకం వచ్చింది. కోయకు మూడో పేజీ లేదు. తల్లిదండ్రులు ఇంగ్లిష్ అడగడంలో తప్పేమీ లేదు, వాళ్ల లెక్క వాళ్లది. కేంద్రం ఒకటి చెప్పి, రాష్ట్రం మరొకటి చేసి, బడిలో మూడోది నడుస్తుంటే 'విధానం అమలవుతోందా' అన్న ప్రశ్నకు నిజాయితీ గల జవాబు ఏ గడిలో పడుతుంది?

పైగా ఏజెన్సీ టీచర్లందరికీ యజమాని ఒకరు కారు. గిరిజన సంక్షేమ శాఖ బడి భద్రాచలం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) కింద ఉంటుంది, మండల పరిషత్ బడి విద్యాశాఖ కింద ఉంటుంది. ఒకే దారిలో రెండు బడులు, రెండు గ్రూపులు, రెండు ఫారాలు. ఇద్దరికీ ఒకటే కష్టమన్న సంగతి ఏ ఫైలుకూ తెలియదు.

రాష్ట్రం 2024లో ఆకునూరి మురళి చైర్మన్‌గా విద్యా కమిషన్ వేసింది. జీతమిచ్చే శాఖ చేతిలో కాకుండా అలాంటి సంస్థ చేతిలో పెడితే టీచర్లను అడిగే ఈ పని కాస్త నమ్మకంగా జరుగుతుంది. ముందు పేరూ ఐడీ తీసేయాలి. టీచర్లను కాక బడులను యూనిట్‌గా తీసుకొని, ఏజెన్సీ మండలాలకు విడిగా కోటా పెట్టాలి. 'అమలైందా' అని అడగడం మానేసి 'పోయిన వారంలో తొలిమెట్టు పాఠం ఎన్ని రోజులు చెప్పగలిగారు, చెప్పలేని రోజు ఏం చేస్తున్నారు' అని అడగాలి. జవాబు ఫారాలు నింపడమనే రావచ్చు. అదీ తెలియాల్సిందే. పిల్లల్లో ఎందరు ఇంట్లో కోయ మాట్లాడతారో, సారుకు ఆ భాష ఎంత వచ్చో కూడా రాయించాలి. ఇంత చేసి, వచ్చిన జవాబుల సారాన్ని మండలాల వారీగా స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో తిరిగి చదివి వినిపించాలి. తాను రాసింది ఎవరో చదివారని తెలిస్తే దమ్మపేట సారు రెండోసారి అడిగితే 'కాదు' అనడానికి వెనకాడడు.