నలభై అయిదు రోజులు ఓటరుకు, అయిదేళ్లు గెలిచినోనికి!

ఎన్నికల్లో ఓడినోడు కోర్టు మెట్లెక్కితే ఊళ్లో ఒక్కటే మాట: ‘కడుపుమంట చల్లారక పోయిండు’. గెలిచినోడేమో మెడలో దండ తీయకముందే ‘దమ్ముంటే రుజువు చెయ్’ అంటడు. ఈ ఇద్దరి నడుమ మూడో మనిషి ఒకరున్నారు. పొద్దున్నే లైన్లో నిలబడి, వేలికి సిరా పెట్టించుకొని వచ్చిన ఓటరు. ఆ కేసు అసలు ఆ మూడో మనిషిది. ఈ సంగతి పార్టీలే కాదు, మనమూ మరిచిపోతున్నం.

1952 నాటి మొదటి లోక్‌సభ ఎన్నికలనే చూడండి. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్‌లో పోటీ చేసిన హరి విష్ణు కామత్ ఐసీఎస్ కొలువు వదిలి సుభాష్ చంద్రబోస్ వెంట నడిచినవాడు, రాజ్యాంగ సభలో కూర్చున్నవాడు. ఆయన 174 ఓట్ల తేడాతో ఓడిపోయారు. తీరా చూస్తే ఏం జరిగింది? కొన్ని పోలింగ్ కేంద్రాల్లో సిబ్బంది లోక్‌సభ బ్యాలెట్లకు బదులు అసెంబ్లీ బ్యాలెట్లను ఓటర్ల చేతుల్లో పెట్టారు. లోక్‌సభ కాగితం మీద ఆకుపచ్చ పట్టీ, అసెంబ్లీ కాగితం మీద గోధుమరంగు పట్టీ. అట్లాంటి తప్పుడు కాగితాలు గెలిచిన అభ్యర్థి లెక్కలోనే 301 ఉన్నాయి. ట్రిబ్యునల్ ఆయన మాట వినలేదు. ఆయన సుప్రీంకోర్టు దాకా పోయారు. 1954 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ ఎన్నికను రద్దు చేసింది. 1955 ఉప ఎన్నికలో కామత్ గెలిచి లోక్‌సభకు వెళ్లారు.

న్యాయం గెలిచింది, నిజమే. కాని అప్పటికే సభ పదవీకాలంలో సగానికి పైగా గడిచిపోయింది. రాజ్యాంగం రాసిన సభలో కూర్చున్న మనిషికే ఇంత ఆలస్యమైతే, మామూలు అభ్యర్థి గతేంది? మామూలు ఓటరు గతేంది?

కోర్టుకు పోయిన ప్రతివాడూ నిజమే చెప్తాడని కాదు. 1971లో దక్షిణ ఢిల్లీలో ఓడిన జనసంఘ్ నేత బలరాజ్ మధోక్, బ్యాలెట్ కాగితాలకు రసాయనాలు పూశారని కేసు వేశారు. సుప్రీంకోర్టు కొన్ని కాగితాలను పరీక్షించడానికి ఒప్పుకుంది. ఆరోపణ నిలబడలేదు. అది కూడా మంచిదే. నిజాన్ని తేల్చినట్టే పుకారునూ తేల్చేది కోర్టే. తేల్చకుండా నాన్చితేనే పుకారు ఊరూరా తిరుగుతది.

ఇక చట్టం తీరు చూడండి. 1966 సవరణ తర్వాత ఎన్నికల పిటిషన్లు నేరుగా హైకోర్టుకే పోతున్నాయి. ఫలితం వచ్చిన 45 రోజుల్లోగా పిటిషన్ వేయాలి. ఒక్కరోజు ఆలస్యమైనా క్షమించే వీలు లేదు. చాలా సందర్భాల్లో అక్రమం జరిగిందని చూపితే చాలదు, దానివల్ల ఫలితమే తారుమారైందని నిరూపించాలి. బాధితుని మీద ఇన్ని షరతులు. మరి విచారణకు? ఆరు నెలల్లో ముగించడానికి ‘ప్రయత్నించాలి’ అని మాత్రమే 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెప్తుంది. ఓటరుకు గడువు, గెలిచినోనికి వాయిదా! ఇదెక్కడి సమానత్వం?

దూరం పోవాల్సిన పని లేదు. అసెంబ్లీ కేసులకూ ఇదే చట్టం. మన ధర్మపురిలో 2018 డిసెంబర్‌లో 441 ఓట్ల తేడాతో ఫలితం తేలింది. ఓట్ల లెక్కింపు మీద ఓడిన అభ్యర్థి హైకోర్టుకు పోయారు. 2023 ఏప్రిల్‌లో హైకోర్టు ఆదేశాలతో స్ట్రాంగ్‌రూం తెరవబోతే తాళంచెవులు లేవు! నాలుగేళ్లు దాటినాక, మళ్లీ ఎన్నికలు నెలల దూరంలో ఉండగా, చెవుల కోసం వెతుకులాట. ఎవరి వాదన నిజమన్నది వేరే సంగతి. జనం ఓట్ల లెక్క దాచిన గది తాళానికే దిక్కు లేకపోతే, ఆ లెక్కను ఎవరు నమ్మాలె?

సాక్ష్యం బతికే కాలం కూడా తగ్గిపోతున్నది. పిటిషన్ పడకపోతే పోలింగ్ సీసీటీవీ దృశ్యాలను 45 రోజుల తర్వాత తొలగించవచ్చని 2025 మే నెలలో ఎన్నికల సంఘం ఆదేశాలిచ్చింది. అంటే ఆ 45 రోజులు నిద్రపోతే, తర్వాత మేలుకున్నా చూడడానికి ఏమీ మిగలదు.

అందుకే మనం అడగాల్సినవి మూడే. ఆరు నెలల మాటను ‘ప్రయత్నం’గా కాదు, కచ్చితమైన గడువుగా చట్టంలో రాయాలి. ఎన్నికల కేసులకు ప్రతి హైకోర్టులో ప్రత్యేక బెంచి ఉండాలి, విచారణ రోజువారీగా సాగాలి. కేసు పడినా పడకపోయినా రికార్డులు కనీసం ఏడాది భద్రంగా ఉండాలి.

ఉద్యోగ మిత్రులారా! పోలింగ్ డ్యూటీలో మీరు చేసే చిన్న పొరపాటు ఒక నియోజకవర్గం తీర్పునే మార్చగలదని హోషంగాబాద్ చెప్తున్నది. విద్యార్థి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! పోలింగ్ ఏజెంటుగా కూర్చుంటే ఫారం 17సి కాపీ చేతికి రాకుండా బూత్ వదలకండి. ఎన్ని ఓట్లు పోలయ్యాయో చెప్పే కాగితం అదే. రేపు కోర్టులో మాట్లాడేది మన నోరు కాదు, ఆ కాగితమే.

ఇంకో మాట. ఎన్నికల పిటిషన్ వేసే హక్కు ఓడిన అభ్యర్థి ఒక్కనికే కాదు. ఆ నియోజకవర్గంలో ఓటు హక్కున్న ఎవరికైనా ఉంది, ఆ రోజు ఓటు వేసినా వేయకున్నా. ఈ సంగతి మనకు ఎవరూ చెప్పరు. చెప్పకపోవడంలోనే వాళ్ల లాభముంది. తెలుసుకోవడంలో మనకు లాభముంది. ఓటు వేసి ఇంటికొచ్చిన రోజుతో మన పని అయిపోలేదు. లెక్క సరిగ్గా తేలినదాకా ఆ ఓటు మనదే, దాని కావలి కూడా మనదే.