సముద్రం నీళ్లకీ ఈఎంఐ ఉంటుంది!

2019 ఎండాకాలం చెన్నై గుర్తుందా? చెరువులు నెర్రెలిచ్చాయి. జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చుకున్నారు, ట్రిప్పుకి 25 లక్షల లీటర్లు. మన కృష్ణా నీళ్లు కూడా కండలేరు నుంచి తెలుగు గంగ కాలువలో అక్కడికి వెళ్తాయి. కానీ ఇక్కడే కరువొస్తే వాళ్లకేం పంపుతాం?

అందుకే చెన్నై సముద్రాన్ని నమ్ముకుంది. 2024 ఫిబ్రవరిలో నెమ్మేలిలో ఉప్పునీటిని మంచినీళ్లుగా మార్చే కొత్త ప్లాంటు మొదలైంది. రోజుకి 15 కోట్ల లీటర్లు. అంటే ఆ రైలు 60 ట్రిప్పులు! దీనికి జర్మనీ ప్రభుత్వ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ రుణమిచ్చింది. పేరూరులో కడుతున్న 40 కోట్ల లీటర్ల ప్లాంటుకి జపాన్ సంస్థ జైకా అప్పిస్తోంది.

సూపర్ కదా? వాన కోసం ఆకాశం వైపు చూడక్కర్లేదు. కాకపోతే వడ్డీ తక్కువైనా అప్పు అప్పే. పైగా వెయ్యి లీటర్లు తియ్యాలంటే సుమారు 3 నుంచి 4 యూనిట్ల కరెంటు కావాలి. అప్పు తీరినా ఆ బిల్లు ఆగదు.

ఇదే చెన్నై 2015లో వరదలో మునిగింది. నాలుగేళ్లకే గొంతెండింది. వాన నీటిని పట్టి ఉంచే పళ్లికరణై లాంటి చిత్తడి నేలల్ని కట్టడాలు మింగేస్తే, పడ్డ వాన నిలిచేదెక్కడ?

ప్లాంట్లు వద్దని కాదు. విదేశీ అప్పుతో నీటి ప్రాజెక్టు అనగానే చప్పట్లకి ముందు రెండు ప్రశ్నలు అడగండి. లీటరు ఎంత పడుతుంది? ఎన్నేళ్లు కట్టాలి? ఎందుకంటే ఆ ఏళ్లలో సంపాదించేదీ, పన్ను కట్టేదీ మీరే.