ఇల్లూ పనీ ఒకడి చేతిలో పెట్టకండి

"సార్, పెళ్లయింది, పాప ఉంది. యూకే వెళ్తే కుటుంబంతో నిలదొక్కుకోగలమా?" ఈమధ్య ఈ ప్రశ్న చాలామంది అడుగుతున్నారు. నేను తెలుగు పాఠం చెప్పేవాణ్ణి, వీసాల సంగతి చెప్పడానికి ఊరికో కన్సల్టెన్సీ ఉంది. అయినా మన పిల్లలు నన్నే అడుగుతున్నారంటే, కన్సల్టెన్సీవాడు చెప్పని సంగతేదో ఒకటుందని వాళ్లకు తెలుసు. ఆ సంగతే ఈసారి రాస్తున్నా.

ముందు రూల్స్ రెండు ముక్కల్లో. 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ చదివేవాళ్లు భార్యాభర్తల్నీ పిల్లల్నీ తీసుకెళ్లడానికి లేదు. పీహెచ్‌డీ లాంటి పరిశోధన కోర్సులకే ఆ వీలుంది. కేర్ వర్కర్లకు ఆ ఏడాది మార్చి నుంచి కుటుంబం బంద్; 2025 జులై నుంచి బయటి దేశాల కేర్ వర్కర్లను తీసుకోవడమే ఆపేశారు. ఇక కుటుంబంతో వెళ్లేది ఎక్కువగా ఇంజనీర్లు, నర్సులు, పరిశోధకులు. మన వాడల నుంచి వెళ్లేవాళ్లలో నర్సులే నాకు ఎక్కువ కనిపిస్తారు. దానికో చరిత్ర ఉంది. పరాయి ఒంటిని, నెత్తుటిని, మలమూత్రాలని ముట్టుకోవడం మైల అని పై కులాలవాళ్లు దూరం జరిగిన రోజుల్లో మిషన్ ఆసుపత్రుల్లో ఆ పని నేర్చుకున్నది మన అమ్మమ్మలు. అప్పుడు అంటరాని పని, ఇప్పుడు అందరూ ఆశపడే వీసా.

ఇప్పుడు ఇంటి సంగతి. అక్కడి ఇంటి ఓనరు అడిగేది కాగితం. దేశంలో ఉండే హక్కు నీకుందో లేదో 2016 నుంచి ఇంగ్లండ్ అంతటా ఓనరే తనిఖీ చేయాలి, చేయకపోతే జరిమానా. ఆ భయంతో కొందరు ఓనర్లు విదేశీ పేరు చూడగానే వద్దంటున్నారని అక్కడి కోర్టులే ఒప్పుకున్నాయి, ఒప్పుకుని కూడా చట్టాన్ని ఉంచాయి. తర్వాత పేస్లిప్పులు కావాలి. క్రెడిట్ హిస్టరీ కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా గ్యారంటర్ కావాలి, అంటే నువ్వు అద్దె కట్టకపోతే నేను కడతానని సంతకం పెట్టే మనిషి. ఆ మనిషి యూకేలోనే ఉండాలి, సంపాదన ఉండాలి. నిన్న విమానం దిగిన కుటుంబానికి గ్యారంటర్ ఎక్కడి నుంచి వస్తాడు? లేకపోతే ఆరు నెలల అద్దె ముందే కట్టమనడం 2026 మే దాకా అక్కడ అలవాటు. ఏడాది మొత్తం అడిగినవాళ్లూ ఉన్నారు.

అందుకే అందరూ "మనవాళ్ల" దగ్గరికి పోతారు. తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు, తెలుగువాళ్ల ఇంట్లో గది. అక్కడ పేస్లిప్ ఎవరూ అడగరు. అడిగేవి వేరే ఉంటాయి.

నా దగ్గర ఇంటర్ చదివిన ఒక చెల్లి నర్సుగా వెళ్లింది. ఆసుపత్రివాళ్లు మొదటి కొన్ని వారాలకు ఒక గది ఇచ్చారు, ఒక్కదానికే. భర్తా కొడుకూ వచ్చేలోపు ఇల్లు చూసుకోవాలి. ఒక తెలుగు కుటుంబం ఇంటి పైభాగం ఖాళీగా ఉందంటే ఫోన్ చేసింది. ఆవిడ ఆప్యాయంగానే మాట్లాడిందట. ఏ ఊరమ్మా? మీ ఇంటిపేరేంటి? ఊళ్లో ఎటువైపు? ఆదివారం డ్యూటీ ఉంటుందా, లేక చర్చికెళ్తారా? వంటలో మీరు అన్నీ తింటారా? అన్నిటికీ నిజమే చెప్పింది. సాయంత్రానికి మెసేజ్: "సారీ అమ్మా, మా అత్తగారు వస్తున్నారు." నెల తర్వాత కూడా ఆ గ్రూపులో ఆ గది ఖాళీగానే కనిపించింది.

ఆ సంభాషణలో కులం అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు చూడండి. కులం పేరెత్తకుండా కులం అడగడానికి తెలుగులో ఎన్ని దారులున్నాయో లెక్కపెడితే మరో పీహెచ్‌డీ అవుతుంది. ప్రబంధ కవులు కూడా ఇంత డొంకతిరుగుడుగా వర్ణించలేదు.

అయితే ఇల్లు ఇవ్వనివాడి కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది ఇల్లిచ్చేవాడు. ఇల్లూ ఇస్తాను, పనీ ఇస్తాను అనేవాడు. భార్యకు వీసా ఉంటే డిపెండెంట్‌గా వెళ్లిన భర్త దాదాపు ఏ పనైనా చేసుకోవచ్చు. ఆ పని కూడా రెఫరల్‌తోనే దొరుకుతుంది, రెఫరల్ కులసంఘాల దారిలో నడుస్తుంది. అప్పుడు ఒకాయన దేవుడిలా వస్తాడు. మన జిల్లావాడే. హోటలో, స్టోరో, చిన్న కంపెనీయో ఉంటుంది. పైన గది, కింద పని. అద్దె జీతంలో కోసుకుంటాడు. కొత్తగా వచ్చిన కుటుంబానికి ఇంతకంటే ఏం కావాలి? కానీ ఆయనతో మాటామాటా వచ్చిన రోజున ఉద్యోగం, గూడు రెండూ ఒకేసారి పోతాయి. ఆయనే వీసా స్పాన్సర్ కూడా అయితే మూడోదీ పోతుంది. మామూలుగా 60 రోజుల్లో కొత్త స్పాన్సర్‌ని వెతుక్కోవాలి, లేదంటే దేశం విడవాలి. స్పాన్సర్‌షిప్ కాగితం కోసం లక్షలకు లక్షలు అప్పు చేసి వెళ్లినవాడు నోరెత్తుతాడా?

ఈ ఏర్పాటు మనకు కొత్త కాదు. దీని పేరు పాలేరుతనం. పని దొర పొలంలో, గుడిసె దొర జాగాలో, అప్పు దొర పుస్తకంలో. కారంచేడులో 1985 జులై 17న ఆరుగురిని చంపాక, మిగిలినవాళ్లు పిల్లాజెల్లలతో చీరాల చేరి మళ్లీ ఆ ఊరికి పోమన్నారు. పరామర్శలతో పాటు వాళ్లకు అత్యవసరంగా కావలసింది ఆ ఊరి చేతిలో లేని ఇల్లు, ఆ ఊరి చేతిలో లేని పని. చీరాల విజయనగర్ కాలనీ అలా పుట్టింది. కుటుంబంతో వలసపోయి ఇల్లూ పనీ వెతుక్కోవడం గురించి మనకున్న పెద్ద పాఠం అదే.

పాలేరుతనం విమానం కూడా ఎక్కుతుంది. అప్పటి కృష్ణా జిల్లా వెల్వడం నుంచి వెళ్లిన లకిరెడ్డి బాలిరెడ్డికి కాలిఫోర్నియాలోని బర్కిలీలో వెయ్యికి పైగా అద్దె ఇళ్లుండేవి. తన ప్రాంతం నుంచి పేద అమ్మాయిల్ని, దళిత బాలికల్ని తీసుకెళ్లి తన ఇళ్లలోనే ఉంచి, తన దగ్గరే పని చేయించుకుని లైంగికంగా వాడుకున్నాడు. 1999లో అతని అపార్ట్‌మెంట్‌లో విషవాయువుతో ఒక బాలిక చనిపోతేగానీ అది బయటపడలేదు. 2001లో నేరం ఒప్పుకుని జైలుకెళ్లాడు. ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో పెర్మిలా టిర్కీ అనే ఆదివాసీ స్త్రీ నాలుగున్నరేళ్లు ఒక భారతీయ కుటుంబం ఇంట్లో పని చేసింది. రోజుకు 18 గంటల పని, గంటకు 11 పెన్స్, నేల మీద పరుపు. 2015లో ట్రిబ్యునల్ ఆమెకు 1,83,774 పౌండ్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది. రెండుచోట్లా ఇంటి తాళం, పని, పాస్‌పోర్టు దారి ఒకే చేతిలో ఉన్నాయి.

చట్టం ఏం చేస్తోంది? బ్రిటన్ 1965లో జాతి వివక్ష మీద చట్టం తెచ్చినప్పుడు అందులో ఇల్లు లేదు, ఉద్యోగం లేదు. హోటళ్లు, బస్సులు లాంటి బహిరంగ స్థలాలే ఉన్నాయి. కరేబియన్ నుంచి, మన దేశం నుంచి వెళ్లినవాళ్లు పోరాడితే 1968లో ఆ రెండూ చేరాయి. కులం విషయంలో ఇంకా 1965లోనే ఉన్నాం. 2010 సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చవచ్చు అన్నారు, 2013లో చేర్చి తీరాలి అని సవరించారు, 2018లో ప్రభుత్వం అవసరం లేదు, కోర్టు తీర్పులు చాలు అంది. ఆ తీర్పు టిర్కీ కేసులోదే. అంటే ఒక ఆదివాసీ స్త్రీ పడ్డ కష్టాన్నే చూపించి, మిగతావాళ్లకు చట్టం అక్కర్లేదన్నారు! అద్దెదారుల కోసం 2025లో చేసిన కొత్త చట్టం 2026 మే 1 నుంచి అమలు. నెల అద్దె కన్నా ఎక్కువ ముందుగా అడగకూడదు, పిల్లలున్నారని ఇల్లు కాదనకూడదు. మంచిదే. చర్చికెళ్తావా అని అడిగి కాదన్నవాడి సంగతి మాత్రం అందులో లేదు.

మరైతే ఇంటిపేరు మార్చుకుని పోదాం అంటారు కొందరు తమ్ముళ్లు. వాళ్లను తప్పుపట్టను, కానీ అది నిలవదు. అంబేడ్కర్ 1917లో న్యూయార్క్‌లో చదివి, లండన్ చదువు మధ్యలో ఆపి బరోడాలో ఉద్యోగానికి వచ్చి, ఇల్లు దొరక్క పార్శీ సత్రంలో పార్శీ పేరుతో దిగారు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. రాత్రి రైలు దాకా పార్కులో కూర్చున్నారు. ఆ అనుభవం ఉన్న పుస్తకం పేరు 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. ఒక్క మనిషి పదకొండు రోజులు దాచగలిగాడు. స్కూల్లో మాట్లాడే పిల్లలు, చర్చికెళ్లే అత్తగారు, పెళ్లి ఫొటోలు ఉన్న కుటుంబం ఎన్నాళ్లు దాచగలదు?

కాబట్టి వెళ్లేవాళ్లతో నేను చెప్పేది: పనిచ్చినవాడి ఇంట్లో దిగకండి, నాలుగు పౌండ్లు ఎక్కువైనా సరే. అద్దె ఒప్పందం మీ పేరున రాయించుకోండి. డిపాజిట్ మామూలుగా అయిదు వారాల అద్దెకు మించకూడదని 2019 నుంచి అక్కడ చట్టం ఉంది, రసీదు తీసుకోండి. పాస్‌పోర్టు ఎవరి బీరువాలోనూ పెట్టకండి. గ్యారంటర్ కోసం తెలుగు గ్రూపు దాటి చూడండి. నేను చెప్పిన చెల్లికి చివరికి సంతకం పెట్టింది ఆమె వార్డులోనే పనిచేసే ఒక జమైకా పెద్దావిడ. ఇంటిపేరు అడగలేదు, నైట్ డ్యూటీలో ఆమె పని చూసిందంతే.

కానీ ఇది ఒక్కొక్కరి తెలివితేటలకు వదిలేసే విషయం కాదు. 1950లు, 60లలో మిడ్‌లాండ్స్ ఫౌండ్రీల్లో పనికెళ్లిన పంజాబీ దళితులు తమ రవిదాస్ సభలు తామే కట్టుకున్నారు; వూల్వర్‌హాంప్టన్ బుద్ధ విహారంలో బాబాసాహెబ్ విగ్రహం కూడా ఉంది. మన తెలుగు దళిత క్రైస్తవ సంఘాలు అక్కడ ఆదివారం ప్రార్థనకు కూడుతున్నాయి, క్రిస్మస్‌కు బిర్యానీ పెడుతున్నాయి. కొత్తగా దిగిన కుటుంబానికి గ్యారంటర్‌గా నిలబడే పది మంది పేర్ల జాబితా ఒకటి తయారుచేయలేవా? ఇక ఇక్కడి ప్రభుత్వం. తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 20 లక్షల దాకా ఇస్తున్నారు. అది కొట్లాడి సాధించుకున్న డబ్బు. అయితే యూకేలో కొన్ని యూనివర్సిటీలు తమ విద్యార్థులకు తామే గ్యారంటర్‌గా ఉంటాయి. ఒక యూనివర్సిటీ చేయగలిగిన పని ఒక రాష్ట్ర ప్రభుత్వం చేయలేదా? వచ్చే నోటిఫికేషన్‌లోపు సాంఘిక సంక్షేమ శాఖకు ఇచ్చే వినతిపత్రంలో ఈ ఒక్క డిమాండ్ పెట్టమని విద్యార్థి సంఘాలను అడుగుతున్నా. ముసాయిదా నేను రాసిస్తాను.

జై భీమ్.